ఐదు క్లిప్పులు

సోమవారం గంట కొట్టి ఇంకా గంటైనా కాలేదు, మేరెన్ స్టీవ్స్ కాలరు మీద ఒక్క క్లిప్పు మిగిలింది.

ఒకటో తరగతిలో ఇరవై రెండు మంది. పొద్దున్నే ఒక్కొక్కరి కాలరుకి ఐదేసి చెక్క క్లిప్పులు పెట్టడం టీచరుకి సాయంగా ఉండే జెలీ పని. తడిబట్టలకి తాడు మీద పెట్టే క్లిప్పులే. పిల్లలందరిదీ ఇంట్లో ఇంగ్లీషు. ఫ్రెంచి రావాలని కోరి, పేరు రాయించి, ఈ గదిలో వేశారు కాబట్టి ఇక్కడ ఫ్రెంచి తప్ప ఇంకో మాట వినపడకూడదు. ఎవరి నోటైనా ఇంగ్లీషు ముక్క వస్తే, విన్నవాళ్ళు చెయ్యి చాచి, "ఇంగ్లీషు మాట్లాడావు, క్లిప్పు ఇవ్వు" అని ఫ్రెంచిలో అడిగి తీసుకుంటారు. వారంలో నాలుగు రోజులు ఐదుకి ఐదూ నిలుపుకున్నవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం టీచరు మదాం పెరాన్ బల్ల కిందనున్న నీలం పెట్టెలోంచి తమకి నచ్చింది తీసుకోవచ్చు. సెప్టెంబరు నుంచి ఉన్నవాళ్ళలో ఈ ఫిబ్రవరి దాకా ఆ పెట్టెలో ఏముంటుందో తెలియనిది మేరెన్ ఒక్కతెకే.

మదాం పెరాన్ నల్ల కాగితం పైకెత్తి పట్టుకుని చెబుతోంది. ముందు మధ్యకి మడవాలి. మడిచాక గీత వెంట కత్తిరించాలి. తెల్ల పొట్ట ఆఖర్న అతికించాలి. పొట్టకి రంగు వెయ్యకూడదు, పెంగ్విన్ పొట్టకి రంగుండదు. చెప్పడం అయ్యేసరికి జూడ్ కోల్పిట్స్ జిగురు సీసా మూత తిప్పుతున్నాడు. వాడు జనవరిలో వేరే బడి నుంచి వచ్చాడు. వాడికి మదాం మాటలన్నీ గోడ అవతల ఎవరో మాట్లాడుకున్నట్టు వినపడతాయి.

మేరెన్ బల్ల మీదికి వంగింది. "జిగురు కాదు జూడ్, ముందు మడత. మడిచి కత్తిరించు. పొట్ట చివర్న. దానికి రంగు వెయ్యకు, పెంగ్విన్‌కి తెల్లగానే ఉంటుందంట." అంతా ఇంగ్లీషులోనే, గుసగుసగా.

జెలీ వాళ్ళ వెనకాలే ఉంది. గుడ్డముక్కతో పక్కబల్ల మీద నీళ్ళు తుడుస్తోంది. విననట్టు ఊరుకుందామనుకుంది. కానీ మదాం పెరాన్ కళ్ళద్దాల మీంచి చూస్తోంది, మేరెన్ని కాదు, జెలీని.

జెలీ చెయ్యి చాచింది. మేరెన్ తనే కాలరు తడుముకుని ఆఖరి క్లిప్పు తీసి అరచేతిలో పెట్టింది. ఏడవలేదు, మూతి ముడవలేదు. అలవాటైపోయింది. మళ్ళీ జూడ్ వైపు తిరిగి, "అలా కాదు, పొడుగ్గా మడువు" అంది. ఇక పోవడానికి ఏమీ లేదు కాబట్టి కొంచెం గట్టిగానే అంది.

ఆటల విరామంలో మదాం పెరాన్ జెలీకి ఒక కవరు చూపించింది. ఆమెకి యాభై దాటాయి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే తరగతి, ఇదే గది. చలికి చేతితొడుగులు లేకుండా వచ్చే పిల్లలకి తన డబ్బుతో కొని పెడుతుంది. చెడ్డ మనిషని అనడానికి వీల్లేదు. జెలీ కూడా అప్పటికి అనుకోలేదు.

"శుక్రవారం మధ్యాహ్నం మేరెన్ వాళ్ళమ్మ వస్తోంది," అంది మదాం. "ఈ ఉత్తరం ఇచ్చేద్దాం. మార్చి సెలవుల తర్వాత పిల్లని ఇంగ్లీషు తరగతిలోకి మార్చడమే మంచిది. ఫ్రెంచి అందరికీ ఎక్కదు జెలీ. రోజూ గంటలో ఐదూ పోగొట్టుకుంటుంది. క్లిప్పుల లెక్క రాసిన పట్టీ తెచ్చి పెట్టు, ఆమెకి చూపించాలి."

"బాగానే అర్థమవుతుంది మదాం, ఆ పిల్లకి."

"అర్థమైతే మాట్లాడేది. పాపం వాళ్ళమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. ఇంటి దగ్గర కూచోబెట్టి చెప్పేదెవరు? మనం జాలిపడితే పిల్లకే నష్టం."

క్రిస్మస్ ముందు డాక్టరుగారబ్బాయి కూడా ఇలాగే రోజుకి ఐదూ పోగొట్టుకునేవాడు. వాడికి ఇంటికొచ్చి చెప్పే టీచరు పేరు, ఫోను నంబరు రాసిచ్చింది మదాం. జెలీకి అది గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నోరు మెదపలేదు. జెలీ పెద్దగా మాట్లాడటం మానేసి నాలుగు నెలలైంది. అక్టోబరులో ఒకరోజు ఆమె మాటలు విని మదాం మెల్లగా, నొప్పించకుండానే చెప్పింది, "పిల్లల ముందు మీ సముద్రపొడ్డు ఫ్రెంచి వద్దు జెలీ. సగం ఇంగ్లీషు దొర్లుతుంది" అని. నిజమే, దొర్లుతుంది. వాళ్ళ ఊళ్ళో పడవల మీద, వంటింట్లో, చర్చి మెట్ల మీద అందరూ అలాగే మాట్లాడతారు. అప్పటినుంచి జెలీ ప్రతి వాక్యం నోట్లోనే ఒకసారి తిప్పి చూసుకుని గానీ బయటికి వదలదు. చాలా వాక్యాలు లోపలే ఉండిపోతాయి.

మంగళవారం పొద్దున బట్టలు మార్చుకునే గదిలో మేరెన్ మొదట వచ్చింది. జెలీ మోకాళ్ళ మీద కూచుని బూటు లాగుతూ, చుట్టూ చూసి, ఇంగ్లీషులో మెల్లగా అంది.

"అమ్మలూ, ఒక మాట చెప్తాను, చేస్తావా?"

"ఏంటి?"

"ఈ రోజు నుంచి శుక్రవారం దాకా ఇంగ్లీషు మాట్లాడకు. ఒక్క ముక్క కూడా. నాలుగు రోజులు క్లిప్పులు నిలుపుకుంటే చాలు. నీలం పెట్టెలోంచి నువ్వూ తీసుకోవచ్చు."

మేరెన్ ఆలోచించింది. ముందు పళ్ళు రెండూ ఊడాయి, ఆ సందులో నాలుక పెట్టుకుని ఆలోచిస్తుంది. "మరి జూడ్‌కి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను."

"నువ్వు చెప్పవు. నువ్వు ఎప్పుడూ ఎవరివో బూట్లు లాగుతుంటావు."

"చెప్తాలే."

"ఫ్రెంచిలో రాకపోతే?"

తలుపు దగ్గర మిగతా పిల్లల అడుగులు వినపడుతున్నాయి. "రాకపోతే ఊరుకో," అంది జెలీ. ఐదు క్లిప్పులూ వరసగా కాలరుకి పెట్టి, చెంప మీద తట్టింది. మంచి పని చేశాననే అనుకుంది.

ఆ రోజు సాయంత్రానికి ఐదూ ఉన్నాయి.

బుధవారం సాయంత్రానికీ ఉన్నాయి. కానీ ఆ పిల్ల బల్ల దగ్గర ఏదో ఆగిపోయింది. నడుస్తున్న గోడగడియారం ఆగాక గానీ అది ఇంతసేపూ చప్పుడు చేసిందని తెలియనట్టు, మేరెన్ గొణుగుడు లేకపోయాక గానీ జెలీకి ఆ గదిలో అదెంత ఉండేదో తెలియలేదు. పొద్దున వరసలో నిలబడి 'బోంజూర్ మదాం' అనే పాటలో కూడా పెదవులు కదల్లేదు. మదాం బొమ్మ చూపించి పేరడిగితే, మేరెన్ వేలితో చూపించింది. చప్పట్లు కొట్టి లెక్కపెట్టమంటే చప్పట్లు మాత్రం కొట్టింది.

గింజలు నాటే పాఠం వచ్చింది. కాగితపు గ్లాసులో ముందు గులకరాళ్ళు, పైన మట్టి, మట్టిలో వేలితో గుంట, గుంటలో చిక్కుడుగింజ, ఆఖర్న రెండు చెంచాల నీళ్ళు. జూడ్ ముందు నీళ్ళు పోశాడు, నీళ్ళలో గింజ వేశాడు, పైన మట్టి కుమ్మరించాడు. బురద గ్లాసు అడుగు చీల్చుకుని వాడి ఒళ్ళో పడింది. వాడు మేరెన్ వంక చూశాడు. మేరెన్ వాడి ఒళ్ళో బురద చూసింది, వాడి మొహం చూసింది. రెండు చేతులతో తన నోరు మూసుకుంది.

జెలీ ఆ సమయంలో గది ఇంకో మూల బ్రియెల్ అనే పిల్ల మొక్కగ్లాసు మీద పేరు రాస్తోంది. వచ్చేసరికి జూడ్ ఏడుస్తున్నాడు.

బురద తుడవడానికి బడి ఊడ్చి తుడిచే అల్సీద్ వచ్చాడు. జెలీ వాళ్ళ నాన్నతో కలిసి పడవల మీద పనిచేసినవాడే, మోకాళ్ళు పోయాక ఇక్కడ చేరాడు. తుడుపుకర్ర మీద వాలి, వాళ్ళ ఊరి కలగాపులగం మాటల్లో అన్నాడు, "ఏమే పిల్లా, నాకూ పెడతావా ఆ క్లిప్పులు? పొద్దున టీ తాగేలోపు అన్నీ పోతాయి నావి."

"మెల్లగా బాబాయ్. వినపడుతుంది."

"వినపడనీ. మా అమ్మమ్మ ఇదే భాష మాట్లాడి పధ్నాలుగు మందిని పెంచింది. ఎవడూ మూగాడు కాలేదు." బకెట్ తోసుకుంటూ మేరెన్ దగ్గర ఆగాడు. "ఈ వాగుడుకాయకేమైంది? రోజూ నా బకెట్ రంగు గురించి ఇన్ని ప్రశ్నలు వేసేది."

మేరెన్ ఆయన వంక చూసి తల దించుకుంది.

"జలుబేమో," అంది జెలీ. మేరెన్ వైపు చూడకుండా బల్ల మీది మట్టి ఎత్తసాగింది.

గురువారం మైనస్ పన్నెండు డిగ్రీల చలి. బయట ఆడుకున్న ఇరవై రెండు మంది ఒక్కసారే లోపలికొచ్చి పడ్డారు. టోపీలు, తొడుగులు, కండువాలు, బూట్లు. నేలంతా కరిగిన మంచు, మడుగులు. జెలీ మోకాళ్ళ మీద ఒకరి నుంచి ఒకరికి జరుగుతూ జిప్పులు కిందికి లాగుతోంది. ముందు జిప్పు, తర్వాత భుజాలు, తర్వాత కూచోబెట్టి బూట్లు, ఆపైన మెడ నుంచి మడమల దాకా ఒళ్ళంతా కప్పే స్నోసూట్ కాళ్ళు లాగడం. ఒక్కో పిల్లకి ఒక నిమిషం. ఆఖరి పిల్ల దాకా వచ్చేసరికి ఇరవై నిమిషాలు.

మేరెన్ కొక్కేల దగ్గర, గోడకి ఆనుకుని నిలబడింది. మెడ కింద జిప్పుని రెండు చేతులతో పట్టుకుని లాగుతోంది. కండువా ఊలు జిప్పులో ఇరుక్కుంది. ఒక కాలు మీద ఇంకో కాలు వేసింది. జెలీ తలెత్తి చూసింది. చలికి ముడుచుకుంది అనుకుంది.

"వస్తున్నా, వస్తున్నా," అంది ఫ్రెంచిలో. "ఎవరికైనా తొందరుంటే చెప్పండి."

బాత్రూముకి వెళ్ళొచ్చా అని అడిగే ఫ్రెంచి వాక్యం పిల్లలందరికీ సెప్టెంబరు నుంచే వచ్చు. అది అడిగితే మదాం సరే వెళ్ళు అంటుంది. వెళ్ళాక ఈ జిప్పుతో ఏం చెయ్యాలి? జిప్పు పట్టేసింది, కండువా ఇరుక్కుంది, నావల్ల కావడం లేదు, ముందు నాది తియ్యి, నేను ఆగలేను. ఇవి ఏ పాఠంలోనూ రాలేదు. ఇంగ్లీషులో అయితే రెండు మాటలు.

మేరెన్ ఆ రెండు మాటలూ అనలేదు. జెలీ ఒక్కో జిప్పు దాటుకుంటూ వస్తుంటే చూస్తూ నిలబడింది. ఇంకా నలుగురు ఉండగా కాళ్ళు విడదీసి, చేతులు వదిలేసింది. నేలంతా ఎలాగూ నీళ్ళే కాబట్టి ఎవరూ గమనించలేదు, జూడ్ తప్ప.

"మిస్," అన్నాడు వాడు ఇంగ్లీషులో. "మేరెన్‌కి... మేరెన్ చూడు."

బ్రియెల్ వెంటనే వాడి ముందుకొచ్చి చెయ్యి చాచింది. "ఇంగ్లీషు మాట్లాడావు. క్లిప్పు ఇవ్వు."

జూడ్ క్లిప్పు తీసిచ్చాడు.

జెలీ మేరెన్ని నర్సు గదిలోకి తీసుకెళ్ళింది. చిన్న కత్తెరతో కండువా ఊలు కత్తిరించి జిప్పు దించింది. గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడిగింది. పాతబట్టల పెట్టెలో మగపిల్లల ప్యాంటొకటి దొరికింది, నడుము దగ్గర మడిచి పిన్ను పెట్టింది. స్వెట్టరు కూడా తడిసింది, పైకి లాగబోతే మేరెన్ గబుక్కున కాలరుని అరచేత్తో కప్పుకుంది. ఐదు క్లిప్పులూ ఉన్నాయి. ఒక్కటి కూడా ఊడకుండా పట్టుకుంది.

"ఎందుకు చెప్పలేదు తల్లీ?" అంది జెలీ ఇంగ్లీషులో. "జిప్పు పట్టేసిందని ఒక్క మాటంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా."

మేరెన్ ఆమెని చూసింది. తాము చెప్పిన మాట తామే మరిచిపోయిన పెద్దవాళ్ళని పిల్లలు చూసే చూపది. జవాబు చెప్పలేదు. చెప్పకూడదు కదా, రాకపోతే ఊరుకోవాలి కదా.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో జెలీకి అప్పుడు తెలిసింది. తడి మేజోళ్ళు పిండుతుంటే, పిండిన కొద్దీ ఇంకా పిండాలనిపించింది. ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయింది. చెయ్యి చాచిన బ్రియెల్ మీదా? దానికి ఆరేళ్ళు, నేర్పింది చేసింది. మదాం మీద. ఆ నీలం పెట్టె మీద. వీటన్నిటినీ దాటుకుని, ఊరుకో అని చెప్పి చెంప మీద తట్టిన తన చేతి మీద.

మదాం పెరాన్ గుమ్మం దగ్గరికి వచ్చింది. "అయ్యో పాపం. ఈ వయసులో మామూలే. వాళ్ళమ్మకి చీటీ రాసి పంపుతాను." మేరెన్ తలమీద చెయ్యి వేసి, కాలరు వంక చూసి ఆగింది. మొహం వికసించింది. "ఐదూ! మూడో రోజు. చూశావా జెలీ? మనసు పెడితే చెయ్యగలదు."

"మదాం, మూడు రోజులుగా ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు."

"వింటోంది. వినడం కూడా నేర్చుకోవడమే. మౌనదశ అంటారు దాన్ని, పుస్తకాల్లో ఉంది. తర్వాత ఒక్కసారే మాటలొస్తాయి."

"మౌనదశ సెప్టెంబరులో కదా మదాం ఉండాలి. సెప్టెంబరులో ఈ పిల్ల వసపిట్ట."

మదాం చిరునవ్వు తగ్గలేదు. "నువ్వు బాగా చూసుకుంటావు వాళ్ళని. అది నాకు తెలుసు. కానీ నేర్పడం వేరే సంగతి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "రేపు ఆ ఉత్తరం ఇవ్వను. రేపు కూడా నిలుపుకుంటే ఈ తరగతిలోనే ఉంటుందని చెబుదాం వాళ్ళమ్మతో. సంతోషిస్తుంది."

ఆ రోజంతా జెలీకి అదే తిరిగింది మనసులో. నిజం చెబితే పిల్ల చోటు పోతుంది. చెప్పకపోతే చోటు ఉంటుంది, నోరు పోతుంది. నోరు మూసుకుంటేనే మంచిపిల్లవని ఆరేళ్ళకే నేర్చుకున్నది, అరవై ఏళ్ళకి దాన్ని మరుస్తుందా? ఇరవై మూడేళ్ళకి నేర్చుకున్న తనే నాలుగు నెలల్లో మరవలేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి డార్లా స్టీవ్స్ లాండ్రీ చొక్కాతోనే వచ్చింది. వేడినీళ్ళకీ సబ్బుకీ చేతివేళ్ళ దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉంది. హెడ్మాస్టరు కీర్‌స్టెడ్ కుర్చీ చూపిస్తే అంచున కూచుంది. దెబ్బ తినడానికి సిద్ధపడి వచ్చిన మనిషి కూచున్నట్టు.

మదాం పెరాన్ పట్టీ ముందుకి జరిపింది. మేరెన్ ఈ వారం ఎంత మారిందో, తాము వేరే ఆలోచనలో ఉండి ఎలా మనసు మార్చుకున్నారో ఇంగ్లీషులో చక్కగా చెప్పింది.

డార్లా ఊపిరి వదిలింది. "రాత్రంతా నిద్రలేదు మిస్. తీసేస్తారేమో అనుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ రాదు ఫ్రెంచి. నేను పదకొండేళ్ళుగా ఆసుపత్రి కింది అంతస్తులో ఉన్నాను, పై అంతస్తులో కౌంటరు దగ్గర కూచోవాలంటే రెండు భాషలూ అడుగుతారు. దీనికైనా ఆ కుర్చీ దొరకాలని." ఆగింది. "ఒకటి అడగనా? ఇంట్లో కూడా మాట్లాడటం లేదు. మంగళవారం నుంచి. నాతో తలూపుతుంది అంతే. గొంతు నొప్పేమోనని నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశాను. ఏమీ లేదు."

కీర్‌స్టెడ్ గడియారం చూసుకున్నాడు. "పిల్లలకి అలాంటి రోజులుంటాయి లెండి."

"గొంతు నొప్పి కాదు," అంది జెలీ.

ఆమె మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు. పట్టీ మోసుకొచ్చినందుకు ఆ గదిలో కూచోబెట్టారు. ఈసారి వాక్యం నోట్లో తిప్పి చూసుకోలేదు.

"నేను చెప్పానండీ. మంగళవారం. శుక్రవారం దాకా ఇంగ్లీషు మాట్లాడకు, ఫ్రెంచిలో రాకపోతే ఊరుకో అని. ఆ పిల్ల అదే చేసింది. నాలుగు రోజులుగా ఈ బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. నిన్న జిప్పు పట్టేసిందని చెప్పడానికి ఫ్రెంచి రాక, నా ఎదురుగుండా నిలబడి తడుపుకుంది. నేను చూస్తూనే ఉన్నాను."

డార్లా ఆమె వైపు తిరిగింది. "నువ్వు చెప్పావా?"

"నేనే."

"ఊరుకోమని?"

"ఊరుకోమని."

"నాకు పంపిన చీటీలో 'చిన్న పొరపాటు జరిగింది' అని రాశారు." డార్లా గొంతు పెంచలేదు. "ఎవరి పొరపాటో రాయలేదు."

"శ్రీమతి స్టీవ్స్, మనం కాస్త నెమ్మదిగా—" అన్నాడు కీర్‌స్టెడ్.

"నెమ్మదిగానే ఉన్నాను సార్. ఇంతకంటే నెమ్మది నాకు చేతకాదు." మళ్ళీ జెలీనే అడిగింది. "దానికి ఫ్రెంచి వస్తుందా, రాదా? ఆ ఒక్కటి చెప్పు."

"సోమవారం మదాం ఫ్రెంచిలో నాలుగు సంగతులు చెప్పారు. మడవమని, కత్తిరించమని, పొట్ట ఆఖర్న అతికించమని, రంగు వెయ్యొద్దని. మీ అమ్మాయి పక్కనున్న పిల్లాడికి ఆ నాలుగూ పొల్లు పోకుండా చెప్పింది. రోజూ చెబుతుంది. జనవరి నుంచి వాడికి ఈ తరగతిలో పాఠం చెబుతోంది తనే."

"ఇంగ్లీషులో చెబుతోంది," అంది మదాం పెరాన్. చెంపలు ఎర్రబడ్డాయి. "అదే కదా నేననేది. ఇంగ్లీషులో."

"మీ ఫ్రెంచి అర్థమయ్యాకే కదా మదాం, ఇంగ్లీషులో చెప్పగలిగింది. అర్థం కానిదాన్ని ఎవరైనా ఎట్లా చెబుతారు? అర్థమైనందుకే రోజూ ఐదు క్లిప్పులు లాక్కున్నాం మనం. నేనూ లాక్కున్నాను."

కిటికీ బయట మంచు మొదలైంది, పక్కకి కొడుతూ పడుతోంది.

డార్లా లేచింది. "ఏ కాగితం మీదా సంతకం పెట్టను నేను. తీసేస్తామనే కాగితం మీదా పెట్టను, మెచ్చుకునే కాగితం మీదా పెట్టను. నా పిల్ల కాలరుకి ఇంకెప్పుడూ క్లిప్పు పెట్టొద్దు. తాడు మీద దుప్పటి కాదు అది." గుమ్మం దగ్గర జెలీని ఒకసారి చూసింది. అందులో కృతజ్ఞత ఏమీ లేదు. "నువ్వు మూయించిన నోరు నువ్వే తెరిపించు."

నడవాలో మదాం పెరాన్ ముందు నడుస్తూ, వెనక్కి చూడకుండా అంది. "నాతో ముందు చెప్పాల్సింది."

"చెప్పాను మదాం. నిన్న."

మదాం పది అడుగులు నడిచాక అంది. "సోమవారం నుంచి నీకు వేరే గది చూడమని అడుగుతాను."

రెండు గంటలకి నీలం పెట్టె బల్ల మీదికి వచ్చింది. పద్ధతి పద్ధతే. తొమ్మిది మంది పేర్లు చదివింది మదాం, తొమ్మిదో పేరు మేరెన్‌ది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జూడ్ అందరికంటే గట్టిగా కొట్టాడు. మేరెన్ వెళ్ళి పెట్టెలోకి చూసింది. ఇన్ని నెలలు ఎదురుచూసిన పెట్టె. చెయ్యి పెట్టి మొదట తగిలిన ఊదారంగు రబ్బరు తీసుకుని వెనక్కి తిరిగింది.

"ఏమనాలి?" అంది మదాం నవ్వుతూ.

అందరికీ తెలిసిన మాట, థాంక్స్‌కి ఫ్రెంచి మాట. మూడేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. బడిలో అడుగుపెట్టిన మొదటి రోజు నేర్పే మాట.

మేరెన్ నిలబడింది. పెదవులు అదుముకుంది. మదాం మళ్ళీ అడిగింది. ఒక నిమిషం చూసి మేరెన్ రబ్బరుని తిరిగి పెట్టెలో పెట్టేసి, వచ్చి తన చోట్లో కూచుంది. ఇంగ్లీషు కాదు, ఫ్రెంచి కాదు, ఇప్పుడు ఏదీ లేదు. మదాం పెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో జెలీ చూడలేదు, చూసేసరికి లేదు.

మంచు ఎక్కువైందని ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. బస్సులు అరగంట ముందే బయల్దేరతాయి, నిలిచే చోట్లు కూడా మార్చారు. మదాం ఆ చీటీ చూసి ఫ్రెంచిలో చెప్పింది, నది దారి పిల్లలెక్కడికి, మిల్లు దారి పిల్లలెక్కడికి అని. జెలీ చెవిన పడింది గానీ మనసున పడలేదు. ఆమె ఒంట్లో ఇంకా మంట ఆరలేదు.

బట్టల గదిలో జెలీ మేరెన్ ఎదురుగా మోకాళ్ళ మీద కూచుంది. పిల్లలందరూ చుట్టూ ఉన్నారు. ఈసారి చుట్టూ చూడలేదు, గొంతు తగ్గించలేదు.

"మేరెన్, మంగళవారం నేను నీకు తప్పు చెప్పాను," అంది ఇంగ్లీషులో. "ఊరుకోమన్నాను చూడు, అది తప్పు. తప్పు చేసింది నేను, నువ్వు కాదు." ఒక్కొక్కటే ఐదు క్లిప్పులూ తీసి జేబులో వేసుకుంది.

మేరెన్ విన్నది. ఖాళీ కాలరు తడుముకుంది. ఏమీ అనలేదు. తప్పని ఒప్పుకోగానే సరైపోతుందని జెలీ కూడా అనుకోలేదు, కానీ ఆశ పడింది. జిప్పు పైకి లాగింది, మెడ దగ్గర కండువా ఇరుక్కోకుండా వేలు అడ్డం పెట్టి.

జూడ్ బూట్లు తొడుక్కుని వచ్చాడు. మేరెన్ వంక చూసి అడిగాడు, "నా బస్సెక్కడ?" మేరెన్ తల దించుకుంది. వాడు జెలీ వైపు తిరిగాడు. వాడిది నది దారి.

"జిమ్ము వెనకాల నాన్నా, రెండో బస్సు," అంది జెలీ, సగం ఫ్రెంచి సగం ఇంగ్లీషు, వాళ్ళ ఊళ్ళో పడవ మీద కేకేసినట్టు. "పరిగెత్తు, ఆగరు వాళ్ళు."

బ్రియెల్ వచ్చి చెయ్యి చాచింది. "మదాం జెలీ, మీరు ఇంగ్లీషు మాట్లాడారు."

"అవునే. మాట్లాడాను."

"క్లిప్పు ఇవ్వండి."

"ఇవ్వను."

బ్రియెల్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యి చాచే ఉంచింది. జూడ్ అప్పటికే తలుపు దగ్గరికి చేరాడు, బయట మంచులో నాలుగు బస్సుల దీపాలు మసకగా వెలుగుతున్నాయి.

వెనక నుంచి ఎవరో వాడి స్నోసూట్ టోపీ పట్టుకుని లాగారు.

"రెండోది కాదు," అంది మేరెన్ ఇంగ్లీషులో. నాలుగు రోజులు వాడని గొంతు, గరగరలాడింది. దగ్గి, మళ్ళీ అంది. "మూడోది. రెండోదెక్కితే మిల్లు దగ్గర దింపుతారు నిన్ను. మదాం చెప్పింది, నది దారివాళ్ళకి మూడోది అని. జెలీ వినలేదు."

తలుపు పక్కనే చీటీ పట్టుకుని నిలబడింది మదాం పెరాన్. అంతా విన్నది. బ్రియెల్ తన చాచిన చేతిని మెల్లగా మేరెన్ వైపు తిప్పి, మదాం మొహంలోకి చూసింది. మదాం చీటీ విప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"మూడోదే," అంది ఫ్రెంచిలో.

జూడ్‌కి అర్థం కాలేదు. మేరెన్ వంక చూశాడు. మదాం కూడా మేరెన్ వంకే చూస్తూ, ఆ పిల్ల వాడికి ఇంగ్లీషులో చెప్పేదాకా ఆగింది.